మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద పైడిరాజు

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పైడిరాజు ఒక పెన్‌డ్రైవ్‌ని మౌంట్ చేస్తాడు. అది కంప్యూటర్లో కాకుండా అతని ముందుగదిలో తెరుచుకుంటుంది. ముందుగదిలో ఇప్పుడు బస్టాండు ఉంది.

తప్పు అతనిదే. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లేబ్ చూసుకునే పైడిరాజు మౌసు ముట్టుకోడు. మౌసు పట్టుకునేవాళ్ళని చూస్తే అతనికి చెంచాతో పప్పన్నం తినేవాళ్ళని చూసినట్టుంటుంది. నల్లతెర మీద కమాండు కొట్టి, ఏ డిస్కు, ఏ చోట అని రెండు ముక్కలు చెబుతాడు. డిస్కు వచ్చి బుద్ధిగా ఆ చోట కూర్చుంటుంది. మౌంట్ చేయడమంటే అదే. ఆ చోటు ఖాళీ ఫోల్డరై ఉండాలి. ఇవాళ తొందరలో చోటు పేరు రాయాల్సిన దగ్గర ఒట్టి చుక్క పెట్టాడు. చుక్క పెడితే 'ఇక్కడే' అని అర్థం. అతను కూర్చున్నది ముందుగదిలో.

ఖాళీ కాని చోట డిస్కుని కూర్చోబెడితే అంతకుముందు అక్కడున్నవి ఎక్కడికీ పోవు. కింద ఉంటాయి, కనబడవు, అంతే. ఈ ముక్క ఏటా రెండు వందల మంది పిల్లలకి అరిచి మరీ చెప్పే మనిషి కనుక సోఫా ఏమైంది, పెళ్ళిఫోటో ఏమైంది అని అతను కంగారుపడడు.

అతని భార్య గౌరీశ్వరి చేతిలో గరిటతో వస్తుంది. వెనక్కి తిరిగి చూసుకుంటే వంటిల్లు లేదు. మరుగుదొడ్లు ఇటు అని బాణం గుర్తు ఉంది.

"ఎవరి బస్టాండండీ ఇది?"

"ఇడ్లీల రత్నాలమ్మది."

"నా పోపులడబ్బా?"

"కింద ఉంది. దీన్ని దించేస్తే వస్తుంది."

"మినప్పప్పు సగం వేగింది. మీరు దించేదాకా ఆగుతుందా? నేనే కిందకి పోతాను" అని ఆమె మూడో నెంబరు ప్లాట్‌ఫారం దగ్గర సిమెంటు పలకని దుప్పటి అంచులా ఎత్తి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని దిగిపోతుంది.

రత్నాలమ్మ పాలిటెక్నిక్ గేటు పక్కన ఇడ్లీలు వేస్తుంది. ఆమె భర్త చిన్నంనాయుడు ముప్ఫై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో ఊరికి చెప్పినవాడు. పోయి రెండేళ్ళు. ఆయన రిటైరైన రోజున ఎవరో ఒక పూట అనౌన్సుమెంట్లు రికార్డు చేసి ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. దాన్ని తన ఫోనులోకి ఎక్కించి పెట్టమని ఆవిడ పది రోజుల కిందట లేబ్‌కి తెచ్చింది. పైడిరాజు అందులో ఫైళ్ళ పేర్లు సరిచేసి రాస్తూ ఉండగా ప్రిన్సిపాల్ గారు "నా పెన్‌డ్రైవ్ చూడవయ్యా, అర్జెంటు" అంటూ వచ్చారు. ఆ మిషనుకి పెన్‌డ్రైవ్ పెట్టడానికి పనిచేసే పోర్టు ఒక్కటే. పెద్దాయన్ని ఒక్క నిమిషం ఆగమనడానికి నోరు రాలేదు. రత్నాలమ్మ పెన్‌డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేయకుండా, అంటే దించే కమాండు కొట్టకుండా, ముల్లు లాగినట్టు లాగేశాడు. అప్పుడు అతని వెనక గోడ మీద అతని చేత్తోనే రాసిన కాగితం ఉంది: 'అన్‌మౌంట్ చేయకుండా పెన్‌డ్రైవ్ లాగేవారు నా కంట పడవద్దు.'

మళ్ళీ పెట్టి చూస్తే అందులో ఏమీ లేదు.

"ఇది వచ్చేటప్పుడే పాడై ఉందమ్మా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆవిడ చేతులు నలుపుకుంటూ "అయ్యో బాబూ, పాడైన వస్తువు తెచ్చి మీ మిషనుకి ఏటి సేసీసినానో ఏటో. ఏటీ అనుకోకండి" అని ఎదురు క్షమాపణ చెప్పింది. పైడిరాజుకి తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ అతని ఆకులో రెండు ఇడ్లీలు ఎక్కువ వేస్తోంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది, అందుకని తేలుకుట్టిన దొంగలా తింటాడు. అద్దం చూసుకోవడం కూడా మానేశాడు. కాగితం మీద రాసింది రాసినవాడికీ వర్తిస్తుంది కదా. గడ్డం తడుముకుని గీసుకుంటున్నాడు.

ఇవాళ గుట్టుచప్పుడు కాకుండా ఇంట్లో బాగుచేసి, బాగైతే ఇక చెప్పుకోవలసిన అవసరమే ఉండదని, లేబ్‌లోనే ఉండిపోయిన పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చుకున్నాడు.

ముందుగదిలో మూడు ప్లాట్‌ఫారాలు, మూడు బస్సులు ఉన్నాయి. ఇంజన్లు ఆడుతున్నాయి. మూటలతో జనం నిండుగా ఉన్నారు. అందరూ తలలెత్తి స్తంభం మీది మైకు గొట్టం వంక చూస్తున్నారు, గొట్టం ఏమీ చెప్పడం లేదు, ఎవరూ ఎక్కడం లేదు. పైడిరాజు సిమెంటు బెంచీ మీదున్న కంప్యూటర్లో దించమని కమాండు కొడతాడు. జవాబు టైముల బోర్డు మీద సుద్దతో పడుతుంది: 'దించుటకు వీలులేదు. లోపల మనుషులున్నారు.'

గంపలో కోడిపిల్లలున్న ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, కొంచెం గేటు బయటకి నడవమంటాడు.

"పిలవకుండా ఎలాగెల్తాం నాయనా? పిలిసీవోడి గొంతు పోనాది. ఎలాగ పోనాది?"

"వచ్చేటప్పుడే పాడై ఉంది" అంటాడు.

గది అవతలి చివర నాలుగో ప్లాట్‌ఫారం వస్తుంది. జనం దానికి చోటిస్తూ మర్యాదగా జరుగుతారు.

కండక్టరు అడుగుతాడు. అదే జవాబు చెబుతాడు. ఐదోది వస్తుంది. స్కూలు బ్యాగు తగిలించుకున్న పాప అడుగుతుంది. చిన్నపిల్లకి కూడా అదే చెబుతాడు. ఆరోది వస్తుంది. అడిగినవాళ్ళందరికీ చెప్పేసరికి పదకొండు ప్లాట్‌ఫారాలవుతాయి. అప్పుడు గేటు దగ్గర నెత్తిన ఇడ్లీల బేసినుతో రత్నాలమ్మ కనిపిస్తుంది. అతని వైపే వస్తోంది. ఇందాకటి నుంచీ వస్తూనే ఉంది. అతను నోరు తెరిచినప్పుడల్లా ఆవిడకి ఒక ప్లాట్‌ఫారం దూరం పెరిగింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. అయినా నడుస్తోంది. పైడిరాజుకి ఆవిడకి ఎదురెళ్ళడానికి మొహం చెల్లదు. ఎదురుగా మైకు గది ఉంటే అందులో దూరతాడు.

లోపల చిన్నంనాయుడు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. పైడిరాజుని చూసి కోపగించుకోడు. లేచి, కుర్చీని తువ్వాలుతో తుడిచి, కూర్చోమని చూపించి, రిజిస్టరు అతని ముందుకి జరుపుతాడు. ప్రతి బస్సుకీ ఒక వరుస ఉంది. ఊరి పేరు, నెంబరు, వేళ అన్నీ గుండ్రటి అక్షరాల్లో నింపి ఉన్నాయి. చివర 'ఆలస్యమునకు కారణము' అన్న గడి ఒక్కటే పైనుంచి కిందదాకా ఖాళీ.

కారణం చెప్పకుండా ఏ బస్సూ కదలదు. పైడిరాజు మైకు మీట నొక్కుతాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రాజాం మీదుగా పాలకొండ వెళ్ళు బస్సు మూడవ నెంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది. ఆలస్యమునకు కారణము, రత్నాలమ్మ గారి పెన్‌డ్రైవ్. అది వచ్చునప్పుడు బాగుగానే ఉన్నది. దానిని దించకుండా లాగినవాడు ఈ పైడిరాజు. అబద్ధము చెప్పి ఆమె ఇడ్లీలు తిన్నవాడు కూడా ఇతడే."

మాటలు అతనివే. గొట్టంలోంచి వచ్చిన గొంతు చిన్నంనాయుడిది.

జనం మూటలెత్తుకుని బస్సుల వైపు కదులుతారు. పదకొండు ప్లాట్‌ఫారాలు ముడుచుకుని మూడవుతాయి, రత్నాలమ్మ ఒక్క అడుగుతో మైకు గది కిటికీ ముందుంటుంది. బేసిను దించుతుంది. పైడిరాజు తల వంచుకుని, తిట్టండమ్మా అంటాడు. మైకు బయట అతనికి గొంతు లేదు. పెదవులు మాత్రం కదులుతాయి.

"తిట్టేది తరవాత. మళ్ళీ సెప్పు బాబూ" అంటుంది ఆవిడ, కళ్ళు మూసుకుని.

మళ్ళీ చెబుతాడు. సిగ్గు మొదటిసారి కంటే ఎక్కువగానే ఉంటుంది.

"లాగినవాడు అన్నకాడ కాసింత ఆగు. పాలకొండ అన్నప్పుడు ఆయన అలగే ఆగీవోరు."

ఆగి చెబుతాడు. అన్ని బస్సులూ వెళ్ళిపోయి పాలకొండది ఒక్కటే మిగులుతుంది. చిన్నంనాయుడు సంచి పట్టుకుని గది దాటి, రత్నాలమ్మ పక్కనుంచే వెళ్ళి, ఆ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంటాడు. కిటికీలోంచి చెయ్యి చాపితే ఆవిడ భుజం అందుతుంది. చాపుతాడు. ఆవిడ కళ్ళు తెరవదు, గొట్టంలో ఆయన్నే వింటోంది.

పైడిరాజు ఒక్క క్షణం ఆగిపోతే చాలు, ఆవిడ కళ్ళు తెరుస్తుంది. అతను వాక్యం మధ్యలో ఉన్నాడు. మధ్యలో లాగేయడం ఇక అతని వల్ల కాదు. చివరిదాకా చెబుతాడు.

బస్సు కదిలి, గౌరీశ్వరి ఎత్తి వదిలిన సిమెంటు పలక అంచు కిందకి మెల్లగా దిగిపోతుంది. కింద పోపు చిటపటలాడుతుంది. "కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అని గౌరీశ్వరి బస్సు దిగినాయన్ని అడుగుతుంది. "తాగుతానమ్మా" అన్న జవాబు పైడిరాజు గొంతుతో వస్తుంది.

టైముల బోర్డు మీద సుద్ద మారుతుంది: 'దించుటకు వీలులేదు. మైకు గదిలో ఒకరున్నారు.'

రత్నాలమ్మ కళ్ళు తెరిచి, బేసిను మీది గుడ్డ తీసి, ఆకులో ఇడ్లీలు పెట్టి కిటికీలోంచి అందిస్తుంది. "మళ్ళీ సెప్పు బాబూ" అంటుంది.

ఆకులో ఎప్పటిలాగే రెండు ఎక్కువ ఉన్నాయి.