నల్ల పెచ్చు

సోమయ్య వేడినీళ్ల తొట్టి మూత ఎత్తగానే ఆవిరి ముఖానికి కొట్టింది. కాగే నీళ్లలో సీసాలు మెడదాకా మునిగి ఉన్నాయి. తొట్టి గొణుగుతోంది. భార్య విజయమ్మ పోయినప్పటినుంచి పొద్దున్నే అతణ్ని వెచ్చగా పలకరించేది బేగంపేట ల్యాబులోని ఈ తొట్టి ఒక్కటే. అతని ఉద్యోగం గాజుసామాను కడగడం. ఎంత కడిగినా కడతేరనిది.

ఇవాళ సీసాల్లో మబ్బు లేదు. తాగేనీళ్లలా తేటగా ఉన్నాయి. మబ్బుంటేనే లోపలివి బతికున్నట్టు. అందులో ఉండేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. మనం ఉడికిపోయే వేడిలో ఉయ్యాలలూగే రకం. ల్యాబు నడిపే దేవిక మేడమ్ వాటిని పట్టుకొచ్చిన వేడినీటి ఊట బోర్ల దెబ్బకు ఎండిపోయింది. ఇక మిగిలినవి ఈ సీసాల్లోవే.

దేవిక ఒక సీసాను వెలుతురుకు పెట్టి చూసింది.

"సోమయ్య గారూ, వీటికి పోసే నీళ్లు నిలవుంచే జాడీ అడుగున నల్ల పెచ్చు ఉండాలి కదా. ఏమైంది?"

"దసరాకు ఆయుధపూజ అని సామాన్లన్ని కడిగిన, మేడమ్. గది మస్తు గలీజ్‌గ ఉండె. చింతపండు వెట్టి జెర గట్టిగ తోమిన."

మసి కనబడితే విజయమ్మకు నిద్ర పట్టేది కాదు. ఇత్తడి చెంబుల మీద ఆ విద్య నేర్పింది ఆవిడే.

దేవిక సీసా కింద పెట్టింది. "అది ఊటలోంచి వచ్చిన పెచ్చండీ. అందులోంచి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా నీళ్లలో కరిగేది. బల్బులో తీగ ఉంటుంది చూడండి, ఆ లోహమే. ఆ రవ్వ ఒంట్లో లేకపోతే ఇవి తిన్నది అరిగించుకోలేవు."

లోహం లేనిదే దేహం లేదన్నమాట. చింతపండు అయిపోయింది, చింత మిగిలింది.

ఆమె సీసాల్లో టంగ్‌స్టన్ ఉప్పు కలిపిన చుక్కలు వేసింది. సోమయ్య టిఫిన్ డబ్బా విప్పకుండా తొట్టి పక్కనే కూర్చున్నాడు. ఆ గొణుగుడులో విజయమ్మ ఏదో అంటున్నట్టే ఉంది. చెవి దగ్గర పెడితే నీళ్లే.

సాయంత్రం దేవిక మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"ఏదీ కదలట్లేదు. ఆ పెచ్చులో ఇంకేం లోహాలుండేవో నాకూ తెలీదు."

"నేనే సంపిన్నా?"

"తప్పు నాదే. దాన్ని కడగొద్దని మీకు చెప్పలేదు."

"ఏది కడగాల్నో సుత ఎన్నడు ఎవరు చెప్పలే, మేడమ్. కడుగుతనే ఉన్న."

ఆమె తొట్టి స్విచ్చి ఆపేసింది. గొణుగుడు ఆగింది. సోమయ్య తొట్టి గోడకు అరచెయ్యి ఆనించి, అది పూర్తిగా చల్లారేదాకా తియ్యలేదు.

మర్నాడు సోమయ్య పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బోయిగూడలో అతని గదికి తాళం వేసి ఉంది. ల్యాబులో సింకు అంచున అతని రబ్బరు గ్లౌజులు వేళ్లు ఉబ్బి, దేన్నో పట్టుకోబోతున్నట్టే ఎండి ఉన్నాయి.