తువ్వాల కింద తీర్పు

వరంగల్ ధాన్యం బజారులో బేరం నోటితో ఆడడం మర్యాద కాదు. కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దళారి తువ్వాల కింద చెయ్యి పెడతారు. ఆ పైన మాట్లాడేవి వేళ్ళే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, వేలి మధ్య కణుపు నొక్కితే సగం, పిడికిలి మొత్తం పట్టుకుంటే ఐదు. పట్టుకున్నాక అరచేతిని మెల్లగా గీకితే 'ఇంకా బేరమాడొచ్చు' అని అర్థం. అందరి చేతులూ అయ్యాక దళారి తువ్వాల దులిపి ధర మాత్రం గట్టిగా పలుకుతాడు. ఎవరి చెయ్యి ఎంత అన్నదో చచ్చినా చెప్పడు.

వీరభద్రం నలభై ఏళ్ళుగా ఆ తువ్వాల పడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క వేలి గుట్టు కూడా ఆయన నోటి నుంచి జారలేదు. భార్య సావిత్రి కొత్తకాపురం రోజుల్లో అడిగి అడిగి, చివరికి ఇలాంటి మనిషితో ఏం కబుర్లు చెప్పుకుంటామని మానేసింది. నిజాయితీకి ఇంట్లో దొరికే గౌరవం అంతే కాబోలు.

అలాంటి పెద్దమనిషి దగ్గరికి ఒకరోజు కాంటా మొగిలి వచ్చాడు. సంఘం కాంటా మీద రైతుల ధాన్యం తూచేది అతనే. అంతకు ముందు రోజు మణుగు బాటు, అదే తూకపు గుండు, చెయ్యి జారి బోర్లా పడిందట. ఎత్తబోతే అడుగున సీసం బిళ్ళ కనిపించిందట. పైన మణుగు అని చెక్కి ఉన్న ఆ బాటు నిజానికి మణుగూ సేరూ తూగుతోంది. అంటే ఎడ్లబండి కట్టుకుని వర్ధన్నపేట నుంచి వచ్చిన ప్రతి రైతూ మణుగుకు ఒక సేరు వడ్లు ఊరికే పోసి వెళ్తున్నాడన్నమాట. బిళ్ళ అతికించమన్నది వర్తక సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం సేటు. అతికించిన కంసాలి ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు.

"చెప్పాల్నా, ఊకోవాల్నా పెద్దయ్యా?" అని అడిగాడు మొగిలి.

"నిజం జెప్పు బిడ్డా. ఏం ఫికర్ జెయ్యకు, నేనున్న," అన్నాడు వీరభద్రం.

ఉచితంగా ఇచ్చే మాట కదా, ధారాళంగా ఇచ్చేశాడు. మొగిలి రైతుల ముందే నిజం చెప్పాడు. మర్నాడే విచారణ అయ్యేదాకా కాంటా ముట్టవద్దని అతన్ని బయట నిలబెట్టారు. మూడు వారాలుగా అతని భార్య లక్ష్మీనర్సమ్మ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని మట్టెవాడ సందుల్లో తిరుగుతోంది. ఆమె ఎదురైతే వీరభద్రం తల దించుకుని పక్క సందులోకి మళ్ళుతున్నాడు.

ఆ సీసం బిళ్ళ వల్ల లాభపడింది వెంకట్రాజం ఒక్కడే కాదు. కొనే వర్తకులంతా లాభపడ్డారు. అందుకే సంఘంలో ఎవరికీ పెద్దగా కోపం రాలేదు. కానీ రైతులు బండ్లు డోర్నకల్ బజారు వైపు తిప్పుతామని బెదిరించేసరికి అందరికీ ఒక్కసారిగా ధర్మం గుర్తొచ్చింది. నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి చూస్తే, అధ్యక్షుడు తప్పు చేస్తే ఏడుగురు పంచులు కూర్చుని అతన్ని ఉంచాలో దించాలో తీర్పు చెప్పాలని ఉంది. తీర్పు గురువారమని నిర్ణయించారు. ఆ పై గురువారమే పంచుల ఎన్నిక. ఆ ఏడుగురూ మళ్ళీ నిలబడుతున్నారు.

సరిగ్గా అప్పుడే వెంకట్రాజం సేటులో ప్రజాసేవ పొంగింది. ఏడుగురు పంచులకూ ఎన్నికల ఖర్చుల కింద తలా నూరు రూపాయలు చందా ఇచ్చాడు. కరపత్రాలకు, చాయకు, బ్యాండుకు అన్నాడు. ఏడుగురిలో నలుగురికి అసలు పోటీయే లేదు. అయినా పోటీ రాదని నమ్మకమేముందని వాళ్ళూ పుచ్చుకున్నారు. పసుపు వ్యాపారి పాండురంగమైతే బ్యాండువాళ్ళకు బయానా కూడా ఇచ్చాడు. ఎవరి మీద గెలవబోతున్నాడో ఆయనకే తెలియదు.

గురువారం మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక సంఘం మేడ మీద సభ కూడింది. మొదట నోరు విప్పింది మొగిలే. గుమ్మం అవతల నిలబడి చేతులు కట్టుకుని అడిగాడు.

"తీర్పు జెప్పేటోళ్ళకు, తప్పు జేసినోళ్ళు పైసలియ్యొచ్చునా సేటూ? మా దిక్కు దాన్ని లంచమంటరు."

సభలో గొంతు సవరింపులు మొదలయ్యాయి. ఈ ధర్మసందేహం తీర్చడానికి హనుమకొండ నుంచి రాజేశ్వర్ రావు వకీలును ముందే పిలిపించి పెట్టారు. ఆయన ఫీజు కూడా వెంకట్రాజమే ఇచ్చాడు. అది మాత్రం ఫీజు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

"చూడుండ్రి," అన్నాడు వకీలు కళ్ళజోడు తుడుచుకుంటూ. "కానూన్ ప్రకారం లంచానికి మూడు లక్షణాలుండాలె. చాటుకియ్యాలె. రసీదు ఉండొద్దు. 'నాకీ పని జెయ్యి' అని నోటితోని అనాలె. సేటు నడిబజార్ల ఇచ్చిండు. రసీదులు తీస్కున్నడు. నోరు దెర్వనే లేదు. ఇగ లంచమెట్లయితది? చందా అయితది."

"తీర్పయినంక ఇయ్యొచ్చు గద సాబ్?" అన్నాడు మొగిలి.

"తీర్పయినంక ఇస్తే, తీర్పుకిచ్చినట్టు గాదూ? అది ఇంకా ఖరాబు. సేటు మర్యాదస్తుడు గనుక ముందే ఇచ్చిండు."

పంచులు ఏడుగురూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నూనె గానుగల కట్టయ్య అయితే తనలో తాను నవ్వుకున్నాడు కూడా. తన చేతిలో ఉన్నది చందాయేనని ఇంత చక్కగా ఆయనకు ఎవరూ అంతవరకు చెప్పలేదు. వీరభద్రానికి ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన పంచు కాదు, ఆయనకు ఓటు లేదు. ఆయన పని తువ్వాల పట్టడమే.

సంఘంలో ఓటు కూడా తువ్వాల కిందే వెయ్యాలని ఆనవాయితీ. చెయ్యెత్తి చెబితే పగలు పెరుగుతాయి, కాగితం మీద రాస్తే దస్తూరీ దొరికిపోతుంది. వేలికి సాక్ష్యం ఉండదు. ఒక వేలు పట్టుకుంటే 'ఉండనీ', పిడికిలి పట్టుకుంటే 'దించు' అని గుమాస్తా చదివి వినిపించాడు. మరేదీ లెక్కలోకి రాదన్నాడు.

వీరభద్రం తివాచీ మీద కూర్చుని కుడిచేతి మీద ఎర్ర తువ్వాల పరిచాడు. గుమ్మం దగ్గర మొగిలి గోడకు ఆనుకుని ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

మొదట పాండురంగం వచ్చాడు. గంభీరంగా కళ్ళు మూసుకుని తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పట్టుకున్నాడు.

జారిందేమో అనుకున్నాడు వీరభద్రం. చెయ్యి కాస్త కదిపి చూశాడు. మళ్ళీ అవే రెండు వేళ్ళు, ఈసారి గట్టిగా. నలభై ఏళ్ళ అలవాటు అడిగి వస్తుందా? వీరభద్రం చెయ్యి తనంతట తానే పాండురంగం వేలొకటి పట్టుకుని, పక్క వేలి మధ్య కణుపు నొక్కింది. ఒకటిన్నర. పాండురంగం వేళ్ళు అడ్డంగా ఊగాయి. కాదు, రెండు. అప్పటికి గానీ వీరభద్రానికి తెలివి రాలేదు. రామ రామ, పాండురంగం తన ఓటుకు ధర అడుగుతుంటే, తను వెంకట్రాజం తరఫున బేరమాడుతున్నాడు! చెవుల దాకా ఎర్రబడి చెయ్యి వదిలేశాడు.

పాండురంగం కళ్ళు తెరిచి, ధర్మం నిలబెట్టినవాడిలా తలపాగా సర్దుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. పాపం, తను చేసినదాంట్లో తప్పేముందో ఆయనకే తెలియదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తువ్వాల కింద ఆయన చెయ్యి చేసిన పని అదొక్కటే. నోటికి వకీలు చెప్పిన పాఠం తెలుసు, చేతికి ఎవరూ చెప్పలేదు.

తరువాత వచ్చిన కట్టయ్య మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మూడో పంచు మల్లికార్జున్ రెండున్నర. మరొకాయన రెండు పట్టుకుని, కాసేపు ఆలోచించి, ఇంకో వేలు కలుపుకున్నాడు. ఆ వెనక ఇద్దరూ మూడే. ఒక్కరి చెయ్యీ 'ఉండనీ' అనలేదు, ఒక్కరి చెయ్యీ 'దించు' అనలేదు. అందరిలోకీ చిన్నవాడు, బట్టల కొట్టు శ్రీనివాస్, చిట్టచివర వచ్చాడు. వచ్చీ రాగానే పిడికిలి మొత్తం పట్టుకున్నాడు. వీరభద్రం గుండె ఉప్పొంగింది. ఇంతమందిలో ఒక్కడు! కుర్రాడే అయినా మనిషి! కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అంతలో శ్రీనివాస్ ఆయన అరచేతిని మెల్లగా గీకాడు.

ఐదు నూర్లు. ఇంకా బేరమాడొచ్చు.

"చెప్పు వీరభద్రన్నా," అన్నాడు గుమాస్తా కలం పట్టుకుని. "ఉండనీ అన్నోళ్ళెందరు, దించు అన్నోళ్ళెందరు?"

వీరభద్రం గుమ్మం వైపు చూశాడు. 'నేనున్న' అని తను చెప్పిన మాట నమ్మి కూలి పోగొట్టుకున్న మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఎవరి చెయ్యి ఎంత అన్నదో చెప్పకూడదు, నిజమే. ధర పలకకూడదని ఏ ఆనవాయితీ లేదు. తువ్వాల దులిపి లేచి, బజారులో ఎలా అరుస్తాడో అలాగే అరిచాడు.

"మాల్ వచ్చి వెంకట్రాజం సేటు కుర్సీ! రెండు నూర్ల కాడ మొదలైంది, ఐదు నూర్ల కాడ ఆగింది! బేరం ఇంకా తెగలే!"

ఇప్పుడు సిగ్గుతో ఏడు తలలూ వంగుతాయని వీరభద్రం అనుకున్నాడు. వర్తకుల మధ్య నలభై ఏళ్ళు బతికి కూడా అలా అనుకున్నాడంటే ఆయన ఎంత అమాయకుడో చూడండి.

"ఐదు నూర్లా? ఎవడడిగిండు ఐదు నూర్లు?" అని లేచాడు కట్టయ్య.

"నేను రెండే అన్న! ధర జెడగొట్టిందెవడు?" అన్నాడు పాండురంగం.

వెంకట్రాజం సేటు ముఖం కందగడ్డయింది. "నూరు రూపాయలకు ఒప్పుకొని, తీస్కొని, ఇప్పుడు..."

"సేటూ! నోరు దెర్వకు!" వకీలు పరుగున వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "నోరు దెరిస్తె లంచమైతది!"

అప్పటికే సేటు తెరిచేశాడు. కింద బజారులోని హమాలీలు కూడా విన్నారు. రైతులకు తెలియడానికి ఎంతసేపు? తాము అమ్ముడుపోలేదని నిరూపించుకోవాలంటే పంచులకు ఇక ఒకటే దారి మిగిలింది. ఏడుగురూ పట్టపగలు చేతులెత్తి వెంకట్రాజాన్ని దించేశారు. చందాలు తిరిగివ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. రసీదులున్నాయి కాబట్టి అక్కర్లేదని వకీలు చెప్పాడు. పాండురంగాన్ని కొత్త అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. బయానా ఇచ్చిన బ్యాండు ఆ సాయంత్రమే పనికొచ్చింది.

బ్యాండు మెట్లెక్కేలోపు పాండురంగం మొగిలిని దగ్గరికి పిలిచాడు.

"రేపటి సంది కాంటా కాడికి రా మొగిలీ. నిజం జెప్పినవు, నీ నౌకరి నీకున్నది. బాటు సంగతంటవా, కొత్తది వచ్చెదాంక పాతదే నడుపుదాం. జర్మన్ లడాయి రోజులాయె, ఇనుము యాడ దొరుకుతది? జర గది బోర్లేసి చూసుడు మాత్రం బంద్ జెయ్యి."

మొగిలి వీరభద్రం వైపు తిరిగాడు. "ఏమంటవ్ పెద్దయ్యా?"

నిజం చెప్పమని మూడు వారాల కింద ఎంత తేలిగ్గా అన్నాడో వీరభద్రానికి తెలుసు. ఈసారి వంగి తువ్వాల మడతలు సర్దుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ నెత్తి మీది కట్టెలమోపు కళ్ళ ముందు కనిపించింది. తన మీద తనకే అసహ్యం వేసింది. మొగిలి పాండురంగం వైపు తిరిగాడు. "మంచిది సేటూ," అన్నాడు.

మర్నాడు పొద్దున బజారు మామూలుగానే నిండింది. పాలంపేట దిక్కు నుంచి వచ్చిన రైతు ఒకడు కాంటా దగ్గర నిలబడి, పళ్ళెం పైకి లేస్తుంటే అనుమానంగా చూశాడు. ఇంట్లో కొలుచుకున్న లెక్కకూ ఇక్కడి తూకానికీ పొత్తు కుదరడం లేదు.

"సక్కగ జోకుతానవా తమ్మీ? బాటు మంచిదేనా?"

మొగిలి తల ఎత్తలేదు. "ఆడ కూసున్న పెద్దయ్యను అడుగు. నలభై ఏండ్ల సంది ఉన్నడు, అబద్ధమాడడు," అన్నాడు.

రైతు వచ్చి ఎదుట నిలబడ్డాడు. కాళ్ళకు బాట దుమ్ము, భుజం మీద ఖాళీ గోనె. వీరభద్రం ఆ రైతును చూశాడు, అతని వెనక కాంటా గొలుసు పట్టుకుని ఎటో చూస్తున్న మొగిలిని చూశాడు.

"మంచిదే బిడ్డా," అన్నాడు.

రైతు దండం పెట్టి, రెండో బస్తా దించుకోవడానికి బండి వైపు వెళ్ళాడు.