రోట్లో పడ్డ స్విస్ వాచీ

నేను ఒక చేతి వాచీని. పుట్టింది స్విట్జర్లాండులో, పెరిగింది రాజమండ్రిలో, పరువు పోయింది హైదరాబాదులో. మనుషుల మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాళ్లకి టైము చూడ్డం వచ్చు గానీ, వాచీని చూడ్డం రాదు.

నా మొదటి యజమాని ప్లీడరు పీసపాటి నరసింగరావుగారు. జడ్జీకన్నా ముందే కోర్టులో ఉండాలని నన్నెప్పుడూ నాలుగు నిమిషాలు ముందుకి తిప్పి పెట్టేవారు. ప్లీడరుగారి చేతి మీద ఉన్నాక ఆపాటి అబద్ధం తప్పుతుందా? ఆయన కూతురు హైమవతి ఆరేళ్లప్పుడు నన్ను మినప్పప్పు రుబ్బుతున్న రోట్లోకి జారవిడిచింది. నాలుగో అంకె పక్కన, అంచు మీద, లోతుగా నొక్కు పడింది. ప్లీడరుగారు నన్ను పైకి తీసి, పిండి తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా కొట్టుకుంటోందే! గట్టి పిండం" అన్నారు. నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

తర్వాత హైమవతి పెళ్లయింది. అలకపాన్పు మీద పెళ్లికొడుకు దక్షిణామూర్తిని ఏం కావాలని అడిగితే, నోరు విప్పకుండా మావగారి మణికట్టుకేసి గడ్డం చూపించాడు. ప్లీడరుగారు అక్కడికక్కడే నన్ను విప్పి ఇచ్చేశారు. కొత్త యజమాని నన్ను పెట్టుకున్న మరుక్షణం అద్దం ముందుకి వెళ్లి చూసుకున్నాడు. నన్ను కాదు, తనని.

ముప్పయ్యేళ్లు ఆయన చేతి మీద ఉన్నాను. నాకు రోజూ కీ ఇవ్వాలన్న సంగతి ఆయనకి తెలియనే తెలియదు. పొద్దున్న కాఫీ కలిపాక హైమవతే ఇచ్చేది. ఒకసారి ఆవిడ పది రోజులు పుట్టింటికి వెళ్లింది. రెండో రోజుకి నేను ఆగిపోయాను. ఆయన నన్ను కోఠీలో రిపేరు షాపుకి తీసుకెళ్లి, "బ్యాటరీ అయిపోయినట్టుంది, మార్చండి" అన్నాడు.

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. రిపేరతను మాత్రం మర్యాదస్తుడు. "దీనికి బ్యాటరీ ఉండదు సార్, నూనె వేసి ఉంచుతాను, రేపు రండి" అన్నాడు. మళ్లీ ఆ నవ్విన మొహాలు చూడాల్సి వస్తుందని ఆయన ఇక అటు తొంగి చూడలేదు. అవమానం ఆయనది, జైలు నాది. భార్యకి మాత్రం బస్సులో దొంగలు కొట్టేశారని చెప్పుకున్నాడట.

మూడేళ్లకి ఆ షాపు మూతపడి, మిగిలిన సరుకుతో పాటు నేనూ ఆబిడ్స్‌లో పాత విదేశీ వాచీలు అమ్మే యూసుఫ్ గారి గాజుబల్లలోకి చేరాను. అక్కడ నా పక్కన ఇంకొకడు. మాది ఒకే కంపెనీ, ఒకే మోడలు. కాకపోతే వాడి మొహానికి కొత్తగా రంగు పూశారు. ఒంటికి అంచులు అరిగేదాకా మెరుగు పెట్టారు. లోపల మూడు వాచీల పేగులు. అయినా ఎంత మిడిసిపాటో!

ఒక శనివారం దక్షిణామూర్తి భార్యాసమేతంగా దిగాడు. మర్నాటి ఆదివారం కాక పై ఆదివారం ప్లీడరుగారికి సహస్ర చంద్ర దర్శనం. ఇన్నాళ్లూ "బీరువాలో భద్రంగా ఉందండీ" అని నెట్టుకొచ్చిన అల్లుడికి, "నా వాచీ పెట్టుకుని రండి, ఒకసారి చూడాలనుంది" అని ఫోనొచ్చింది. నాలాంటిది దొరక్కపోతే ఆయన పరువు గోదావరి పాలే.

యూసుఫ్ గారు మా ఇద్దరినీ మఖమల్ గుడ్డ మీద పక్కపక్కన పెట్టారు. ముప్పయ్యేళ్లు నన్ను మోసిన మనిషి నన్ను వేలితో తిరగేసి మూతి విరిచాడు.

"ఛీ, ఈ నొక్కేమిటి? ఎవరో రోట్లో వేసి రుబ్బినట్టుంది!"

హైమవతి నన్ను చేతిలోకి తీసుకుంది. నాలుగో అంకె పక్కన బొటనవేలితో తడిమింది. ఆ వేలు నాకు తెలుసు.

"అవునండీ, రుబ్బారు" అంది నెమ్మదిగా.

"గిదే అసలు సరుకు సార్. గా దానికి పైన రంగేసిండ్రు" అన్నారు యూసుఫ్ గారు.

దక్షిణామూర్తి భార్య చెవిలో, "చూశావా, ముసలి సరుకు మనకి అంటగడుతున్నాడు. మనది తళతళలాడేది, నాకు తెలీదూ?" అని, మెరిసేవాణ్ణి పెట్టుకుని అద్దం దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఇది మీకెక్కడిదండీ?" అని అడిగింది హైమవతి.

"కోఠీల రిపేరు షాపుదమ్మా. ఎవరో పెద్దమనిషి కీ వాచీకి బ్యాటరీ వెయ్యమన్నడంట. మల్ల మొకం చూపియ్యలేదంట."

హైమవతి అద్దం వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ముసలిది నాకు తీసుకుంటానండీ" అంది మొగుడితో.

"మగవాచీ నీకెందుకే?"

"టైము చూసుకోడానికి."

ఇంటికి రాగానే నాకు మాత్రమే కీ ఇచ్చి, వాళ్ల నాన్నగారి అలవాటు ప్రకారం నాలుగు నిమిషాలు ముందుకి తిప్పింది.

రాజమండ్రిలో పీటల మీద కూర్చున్న ప్లీడరుగారి కాళ్లకి అల్లుడు చెయ్యి బాగా ముందుకి చాచి మరీ దణ్ణం పెట్టాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ తళతళ చూశారు. తర్వాత కూతురి గాజుల వెనకనున్న నన్ను చూశారు.

"వాచీ బావుందండీ అల్లుడుగారూ. ఎప్పుడు కొన్నారు?"

"అయ్యో మావయ్యగారూ, మీరిచ్చిందేనండీ!"

"ఓహో" అన్నారాయన. నలభయ్యేళ్లు దొంగసాక్షులని చూసిన మనిషి. అడ్డుప్రశ్న వెయ్యలేదు. కూతురి వైపు తిరిగారు. "టైమెంతయిందమ్మా?"

హైమవతి నన్ను చూసి, "పదకొండూ ఇరవై నాన్నా" అంది.

"అయితే పదకొండూ పదహారన్నమాట" అన్నారు ప్లీడరుగారు.

దక్షిణామూర్తి అయోమయంగా తన చేతికేసి చూసుకున్నాడు. అక్కడ ఇంకా పోయిన సోమవారం సాయంత్రం ఆరే అయివుంది. పాపం, బ్యాటరీ అయిపోయినట్టుంది.