మాస్టారి మిగులు టన్ను

లెక్కల మాస్టారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు కానీ లెక్కల నుంచి కాలేదు. కారు కింద సైలెన్సర్ గొట్టం ఊడి, మలుపు తిరిగినప్పుడల్లా రోడ్డును గీకుతోంది. అంత చిన్న పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లడం ఆయనకు నామోషీ అనిపించింది. చక్రాల మీద దొర్లే జాకీ ఒకటి కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే సిమెంటు వాకిట్లో చొక్కా చేతులు మడిచారు.

కొత్తకోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె పుట్టి పెరిగింది కార్ల షెడ్డు వెనక గదిలో. నడక రాకముందే స్పానర్లతో ఆడుకున్న పిల్ల. కానీ మామగారి ముందు నోరు విప్పాలంటే ముచ్చెమటలు పోస్తాయి. ఈ ఇంటికొచ్చిన ఇరవై రోజుల్లో ఆయనతో మాట్లాడిన మాటలు రెండే: "కాఫీ అండి", "సరేనండి".

మాస్టారు జాకీని సరిగ్గా కారు అడుగునున్న పల్చటి రేకు కింద పెట్టారు.

"మామయ్యగారూ, అక్కడ కాదేమో..." అంది కోడలు.

ఆయన జాకీ పిడిని నాలుగుసార్లు కొట్టగానే రేకు కర్రుమంది. "నేనూ అదే అనుకున్నాను" అని ఎవరికో జవాబు చెప్పినట్టు చెప్పి, జాకీని పక్కనున్న మందపాటి ఇనుప పట్టీ కిందికి జరిపారు. ఈలోగా కారు దొర్లకుండా కోడలు చప్పుడు చేయకుండా వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టింది. వాకిట్లో రాళ్లు ఏరుతోందనుకుని, పిల్ల పనిమంతురాలేనని మాస్టారు మనసులో మెచ్చుకున్నారు.

కారు ముందు భాగం పైకి లేచింది. మాస్టారు చాప పరిచారు. కోడలు గబగబా దగ్గరికొచ్చింది. జాకీ ఎత్తడం వరకే, ఇనుప స్టాండ్లు బరువు అందుకోకుండా తల కిందికి పెట్టావో చూడు అని వాళ్ల నాన్న షెడ్డులో పనివాళ్లను రోజూ తిట్టేవాడు. జాకీ లోపల నూనె జారితే కారు రెప్పపాటులో కూలబడుతుంది.

"మామయ్యగారూ, స్టాండ్లు పెట్టకుండా కిందికి వెళ్లకూడదండి" అంది గుక్క తిప్పుకోకుండా.

మాస్టారు ముందు బెంచీ విద్యార్థిని చూసినట్టు చూశారు. "కారు బరువెంతమ్మాయీ?"

"టన్ను ఉంటుందండి."

"జాకీ మోసేది?"

"రెండు టన్నులు."

"రెండులోంచి ఒకటి పోతే?"

"ఒకటండి."

"మరి ఆ ఒకటీ మిగులే కదా! దీని మీద ఇంకో కారు పెట్టినా మోస్తుంది. అయినా నీ తృప్తి కోసం..." అంటూ లోపలికెళ్లి, తాళ్లతో కట్టిన పుస్తకాల కట్టలు తెచ్చి కారు కింద పేర్చారు. "ముప్పై ఏళ్ల బీజగణితం. దీన్ని దాటుకుని ఏదొస్తుందో రమ్మను."

అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అంది. "పిల్లల్నే గట్టెక్కించలేదు, కారును మోస్తాయట!"

మాస్టారు చాప మీద పడుకున్నారు. అంతలో గొట్టం కట్టే తీగ మర్చిపోయానని లేచి అటక గదికేసి నడిచారు. కోడలు ఒక్క ఉదుటున ఇంట్లోకి పరుగెత్తింది. ఆయన తీగచుట్టతో తిరిగొచ్చేసరికి కారు కింద, చాప మధ్యలో, గోడ గడియారం ఉంది. ఆయన పదవీ విరమణ రోజున బడివాళ్లిచ్చిన గడియారం అది. దాని దుమ్ము కూడా ఎవరినీ తుడవనివ్వరు.

"ఏయ్ ఏయ్! అదెందుకు పెట్టావమ్మా అక్కడ? కారు జారి మీద పడితే ముక్కలైపోదూ!"

అనేశాక మాస్టారు తాను పడుకోబోయిన చాపకేసి చూశారు.

కోడలు తల వంచుకునే అంది. "ఇంకో టన్ను మిగులుంది కదండీ, మామయ్యగారూ."

అత్తగారు చిక్కుళ్ల చేట ఒలికిపోయేలా నవ్వింది. "గడియారం ముక్కలవుతుందట! తమరేమో రబ్బరు బంతి!"

మాస్టారు గడియారాన్ని కర్రతో ఇవతలికి లాగి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "స్టాండ్లంటే... జాకీతో పాటు రెండు ఇనుప పీటల్లాంటివి ఇచ్చాడు. అవేనా?"

"అవేనండి."

"అవా?" అంది అత్తగారు, నవ్వు ఆపి. "నా పూలకుండీలకు భలే కుదిరాయే!"

కుండీలు నేల మీదికి దిగాయి. కోడలు రెండు స్టాండ్లనూ ఒకే ఎత్తులో బిగించి, కారు ముందు అటొకటి ఇటొకటి పెట్టి, జాకీని నెమ్మదిగా దించింది. బరువంతా వాటి మీదికి చేరింది. "బయట ఉన్నప్పుడే ఊపి చూడాలండి" అంటే మాస్టారు ఊపారు. అత్తగారు కూడా వచ్చి, పాత కోపాలన్నీ కలిపి ఒక్క తోపు తోసింది. కారు కదల్లేదు.

అప్పుడు మాస్టారు కిందికి దూరారు. బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"అమ్మాయీ, తీగ ఎటు నుంచి తిప్పమంటావు?"

"ఎడమ నుంచండి. రెండు చుట్లు."

"తర్వాత?"

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పాదాలకేసి చూసింది. "ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కసారైనా 'తర్వాత?' అని అడిగారా?"

కారు కింద తీగ మెలి తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఇక్కడ నాకు సరిగా వినపడటం లేదు" అన్నాయి పాదాలు.