పదిహేడో నంబరు కాగితం

గుడ్డసంచిలో రెండు చీరలు, ఒక తువ్వాలు, ఇత్తడి చెంబు, మూడు రోజులకు సరిపడా ఎండు జొన్నరొట్టెలు, చిన్న సీసాలో కారంపొడి పెట్టాను. మూతి కట్టి గడప పక్కన ఆనించాను. ఎమ్మిగనూరులో పొద్దున ఏడింటికి ఆదోని బస్సు. మా చెల్లెలు చెన్నమ్మ దసరా నుంచి దగ్గుతూ ఉంది. సర్కారు ఆసుపత్రిలో ఎదకు ఫోటో తీయించుకుంటానని ముందురోజే ఒప్పుకుంది.

ఆరున్నరకు చూస్తే మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ ఉంది.

"ఈ పడుగు అయిపోనీ అక్కా, పోదాం," అంది, నా వైపు చూడకుండానే.

నేత ఎరిగినవాళ్ళకు ఈ మాటకు అర్థం తెలుసు. పడుగు అయిపోవడం అంటూ ఉండదు. పాత పడుగు కొసలు రాగానే కొత్త పడుగు పోగులు వాటికి ఒక్కొక్కటిగా అతికేస్తాం. మగ్గం ఖాళీగా ఉంచడం మా ఇళ్ళలో అచ్చిరాదంటారు. చెన్నమ్మ అతుకు వేయడంలో మా వీధిలోనే చురుకు. నేను సంచి విప్పి రొట్టెలు బయటికి తీశాను. అవి పక్కింటి వీరన్న మేకకు పోయాయి.

సంచి సర్దడమంటేనే నాకు గిట్టదు. మా నాయన రంగులు తెస్తానని గదగ్ పోయి రాలేదు. చెన్నమ్మ మొగుడు షోలాపూరు మిల్లులో పని అని ఇట్లాంటి సంచే చంకన పెట్టుకుని పోయాడు, పద్దెనిమిదేళ్ళయింది. అందుకే ఎవరికి సర్దినా, తిరిగొచ్చేటప్పుడు కట్టుకునే చీరో పంచో వేరుగా మడిచి అడుగున పెడతాను. అది నా పిచ్చి.

ఆ నవంబరులోనే మా అన్న కొడుకు రంగనాయకులు మా నెత్తిన పడ్డాడు. ఆదోనిలో కాలేజీ లెక్చరరు. ఎండాకాలంలో బెంగుళూరులో నెల రోజుల శిక్షణకు పోయి కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చాడు. ఇకమీద పిల్లలకు పాఠం చెప్పడట. వాళ్ళే ఊళ్ళోకి పోయి, అడిగి, చూసి, తేల్చుకోవాలట. ఈ ఏడు తేల్చుకోవలసింది వైద్యం సంగతి: సర్కారు ఆసుపత్రి, ప్రైవేటు డాక్టరు, హకీము; జనం ఎవరి దగ్గరికి పోతారు, ఎందుకు పోతారు, మూడింటిలో తేడా ఏమిటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జట్టు.

"మరి నువ్వేం చేస్తావప్పా, జీతం తీసుకుని?" అని అడిగాను.

"ప్రశ్నలు తయారు చేస్తా అత్తా. అదే కష్టం," అన్నాడు.

కష్టమే, వినేవాళ్ళకు. నాకు బడి లేదు. అంగడి పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. నాకే ఆ ప్రశ్నలు కొరుకుడు పడలేదు. 'లభ్యమగు వైద్యసేవల యెడల మీ సంతృప్తి' అని ఒకటి. ఇట్ల అడిగితే మా వీధి భీమప్ప పత్రం మీద వేలిముద్ర అడుగుతున్నారని పారిపోతాడు, మందుతో బాగయిందా అని అడగమన్నాను. శాస్త్రీయంగా ఉండాలన్నాడు. ఇంకొక నియమం కూడా పెట్టాడు. అడిగేవాళ్ళు సలహా చెప్పకూడదు, విన్నది ఇంకొకరికి చెప్పకూడదు. చెబితే జవాబులు చెడిపోతాయట. కాగితం మీద పేర్లు కూడా ఉండవు, నంబర్లే.

మొదటి శనివారం సర్కారు ఆసుపత్రి జట్టు వచ్చింది. రెండో శనివారం డాక్టరు జట్టు. మూడో శనివారం హకీము జట్టు. చెన్నమ్మ మొదటివాళ్ళతో సర్కారు ఆసుపత్రి తప్ప తనకు వేరే దిక్కు లేదంది. రెండోవాళ్ళతో డాక్టరు సూది వేస్తేనే గాని తనకు గుణం కనబడదంది. మూడోవాళ్ళతో హకీము లేహ్యం అమృతమంది. ఈ మూడు గడపల్లో ఒక్కటీ ఆమె తొక్కలేదు. నేను నిలేశాను.

"ఎండలో బస్సెక్కి అంత దూరం వచ్చినారు పాపం. లేదని ఎట్ల సెప్పేది? సిన్నబోరా?" అంది.

ఆమె ఒక్కతే కాదు, వీధి వీధంతా ఇదే మర్యాద. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినట్టు, వాళ్ళు కోరిన జవాబు ఇచ్చి పంపారు. రంగనాయకులు లెక్క తీస్తే మా నేతగాళ్ళు మూడు వైద్యాలనూ బ్రహ్మాండంగా వాడుకుంటున్నారని తేలింది. సంతోషించాడు.

ఈ లోపల సంచి రెండోసారి సర్దాను. మళ్ళీ అతుకు పడింది. మళ్ళీ విప్పాను. రంగనాయకులుతో చెబితే, "నేను సెబితే ఇంటాదా అత్తా? నువ్వే సెప్పల్ల," అని కాగితాలు సర్దుకున్నాడు. వైద్యం మీద అంత రాసేవాడికి పక్కనే దగ్గేది వినబడదు.

హకీము జట్టులో జొహరాబీ అని ఒక పిల్ల ఉండేది. తండ్రిది ఆదోనిలో దూది మిల్లు పని. ఆమె మాత్రం కాగితం చూసి అడగలేదు. చెన్నమ్మ మగ్గం గుంట పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి ఇస్తూ సాయంత్రం దాకా ఉండిపోయింది. తరువాత ఇంకో రెండుసార్లు తన డబ్బుతోనే వచ్చింది. ఇద్దరూ ఏమిటో గుసగుసలాడేవాళ్ళు, నేను పోగానే ఆపేసేవాళ్ళు. నాకు కోపం కూడా వచ్చింది.

సంక్రాంతి సెలవులు అయిన మరుసటి ఆదివారం రంగనాయకులు కాగితాల కట్టతో వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిని, గళ్ళు దిద్దాను గాని అడుగున పిల్లల చిన్న రాత అర్థం కావడం లేదు, కొన్ని చదివి పెట్టమని నాకిచ్చి కునుకు తీశాడు. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాను. పదిహేడో నంబరు దగ్గర ఆగాను. నేత. వయసు యాభై రెండు. భర్త షోలాపూరులో. వైద్యానికి పోవడంలో జాప్యం ఎంత అన్నచోట, 'పడుగు అయ్యేదాకా' అని జొహరాబీ రాసింది. దాన్ని కొట్టేసి రంగనాయకులు ఎర్రసిరాతో 'రెండు వారాలు' అని దిద్దాడు. అడుగున, ఇతర విషయాలు అన్నచోట, చిన్న అక్షరాలతో ఉంది: 'కఫంలో నెత్తురు. దసరా నుంచి. గుడ్డలో ఉమ్మి పొయ్యిలో వేస్తుంది. అక్కకు తెలిస్తే భయపడుతుందని చెప్పలేదు.'

మూడుసార్లు చదివాను. పెద్ద అక్షరమైతే నాకు ఒక్కసారి చాలు, ఇది చిన్నదని కాబోలు.

లేచి లోపలికి పోయాను. చెన్నమ్మ నేస్తూ ఉంది. గూట్లోని కత్తెర తీసుకుని, చీర సగంలో ఉండగానే, పడుగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోసేశాను. పోగులు వెనక్కి తన్నుకుని గుంటలో పడ్డాయి. మా వంశంలో ఎవరూ చేయని పని. చెన్నమ్మ చేతిలో కండె అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"పడుగు అయిపోయింది. లెయ్," అన్నాను.

రంగనాయకులు లేచి వచ్చి నిలబడ్డాడు. కాగితం వాడి ముందు పెట్టాను. చదివి, నియమం అట్లా ఉంది కాబట్టి ఆ పిల్ల చెప్పలేదని గొణిగాడు.

"నియమం ఎవరు పెట్టినారప్పా?" అని అడిగాను. వాడు పోయి చెప్పులు తొడుక్కున్నాడు.

మూడోసారి సంచి సర్దాను. రొట్టెలు లేవు, బొరుగులు పోశాను. అడుగున ఆకుపచ్చ చీర మడిచి పెట్టాను. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు ముగ్గురం ఎక్కాం. గడప దాటేటప్పుడు చెన్నమ్మ ఒక్క మాట అంది:

"ఆ పోగులు సిక్కు పడకుండా సుట్టి పెట్టమని వీరన్నకు సెప్పు అక్కా. వచ్చినాక అతుకుతా."

మరునాడు ఆదోనిలో ఫోటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని అడిగాడు. కర్నూలు పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. జొహరాబీ బస్టాండుకు వచ్చింది. నా ముఖం చూడలేక సంచి మోసింది. తప్పు నాదేనవ్వా అంది. కర్నూలు బస్సు ఎన్నింటికని అడిగాను. ఆ రోజు నా దగ్గర ఓపిక లేదు.

మరుసటి ఏడాది రంగనాయకులు మళ్ళీ ప్రశ్నల కాగితం తయారు చేసి నా దగ్గరికి తెచ్చాడు. సంతృప్తి మాట తీసేశాడు. 'మందుతో బాగయిందా' అని ఉంది. 'పోకుండా ఎందుకు ఆగారు' అని ఉంది. జవాబుకు గళ్ళు లేవు, ఖాళీ జాగా వదిలాడు. ఒకే మనిషి దగ్గరికి మూడుసార్లు పోవాలని, పోయినచోట ఏదైనా పని అందుకోవాలని రాశాడు. అది జొహరాబీ చెప్పిందట. పైన మొదటి నియమానికి చోటు ఉంచి, నువ్వు చెప్పు అత్తా రాస్తాను అన్నాడు. కలం లాక్కుని నేనే రాశాను, వంకర అక్షరాలతో: 'అడిగే మనిషికి రోగం కనబడితే కాగితం పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళకు చెప్పి, ఆసుపత్రికి తోడుపోవలెను.' భాష దిద్దుతానన్నాడు. వద్దన్నాను. అట్లాగే అచ్చయింది. ఆ ఏడు పిల్లలు ఆదోనిలో ఇద్దరిని, మద్దికెరలో ఒకరిని ఆసుపత్రిలో చేర్చారని చెప్పాడు. మంచిదే అన్నాను.

వీరన్న చుట్టి ఇచ్చిన పోగులు ఇంకా గూట్లో ఉన్నాయి. చెన్నమ్మ తిరిగి రాలేదు. 1981 మార్చి తొమ్మిది, సోమవారం, కర్నూలులో పోయింది.