అత్తగారి చేతిలో కోడలి దురద

పొద్దున్నే పనికి బయల్దేరేముందు కోడలు చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర రెండు చేతులూ చాపేది. అత్తగారు కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, ఆ చేతుల్ని కాసేపు పట్టుకునేది. అంతే, ఆ రోజంతా కోడలి వేళ్ళలోని దురద అత్తగారి వేళ్ళలోకి వచ్చేసేది. కోడలు బస్సెక్కేది, అత్తగారు గోక్కుంటూ కూర్చునేది. వేళ్ళ మీది పొక్కులు మాత్రం కోడలికే ఉండిపోయేవి. ఆవిడకి తీసుకోవడం వచ్చింది దురద ఒక్కటే.

ఇది వీధిలో అందరికీ తెలుసు. పక్కింటావిడ ఒకసారి తన ఎక్కిళ్ళు కూడా పట్టుకొచ్చింది. "మా ఇంట్లోవాళ్ళవే నాకు సరిపోతున్నాయమ్మా" అని అత్తగారు మంచినీళ్ళిచ్చి పంపేసింది.

కోడలిది జుట్టు కత్తిరించే పని. మిగతా కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆమె కుర్చీ కోసమే ఆగేవాళ్ళున్నారు. అలాంటి వేళ్ళ పక్కల సగ్గుబియ్యం గింజల్లా నీటి పొక్కులు లేచేవి. ఎండేవి, తోలు ఊడేది, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ లేచేవి. సబ్బు మార్చింది. ఎవరో చెప్పారని టమాటా మానేసింది. గిన్నెలు తోమడం మొగుడికి అప్పగించింది. ఆ పుణ్యాత్ముడు ఇప్పటికీ ఆ సంగతి నలుగురిలో చెప్పుకుంటాడు.

చివరికి దుకాణం యజమానురాలు ఆమెను పక్కకి పిలిచింది.

"నీ పనికి వంక పెట్టను. కానీ తల అప్పగించేవాళ్ళు ముందు వేళ్ళే చూస్తారు. తగ్గాకే రా. తగ్గకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

కోడలు ఇంటికొచ్చి వంటింటి గడపలో కూలబడింది. "నాకు వేరే పని రాదత్తయ్యా. వచ్చినా ఇంత ఇష్టంగా చెయ్యలేను."

మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టరమ్మ కోడలి వేళ్ళని దీపం కింద తిప్పి చూసింది. "భయపడకండి, అంటుకునేది కాదు. దురద ఎప్పుడెక్కువ?"

"నాకు దురద ఉండదండీ. మా అత్తయ్యకుంటుంది."

"అయితే ఆవిణ్ణి తీసుకురండి" అంది డాక్టరు.

అత్తగారు వచ్చి కూర్చుని ఏకధాటిగా చెప్పింది. "ఆదివారం చంపేస్తుందండీ. దుకాణానికి సెలవు. అయినా పొద్దున్నే నిద్రలోనే దీని చేతులు పట్టుకుంటాను. ఇది హాయిగా నిద్రపోతుంటే నేను గోడకి వేళ్ళు రాసుకుంటుంటాను."

"అంటే ముందురోజు పని వల్లే. శనివారం ఏం చేస్తారమ్మా?"

"జుట్టుకి రంగులండీ, రోజంతా" అంది కోడలు. "కానీ గ్లౌజులేసుకునే వేస్తాను."

"కడిగేటప్పుడు?"

"అప్పుడు తీసేస్తానండీ. గ్లౌజులుంటే తల తెలీదు. రంగు పోయిందో లేదో వేళ్ళకే తెలియాలి కదా."

వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేస్తే ఆ రంగే అని తేలింది. పూతమందు, చెయ్యి తడిసినప్పుడల్లా రాసుకోవడానికి జిడ్డు క్రీము, నీళ్ళు తేటపడేదాకా తియ్యకూడని గ్లౌజులు రాసిచ్చింది డాక్టరు. ఆపైన అత్తగారి వైపు తిరిగి, "ఇకనుంచి దురద మీరు తీసుకోకండి. వస్తే ఈ అమ్మాయికే తెలియాలి" అంది.

బస్టాపులో అత్తగారు, "మంచే చేస్తున్నాననుకున్నానే" అంది.

"చేశారు. మీరు పట్టుకోకపోతే కత్తెర ఎప్పుడో పారేసేదాన్ని. ఆ ఆదివారాలన్నీ మీరు పడకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మీ మేలు మర్చిపోను అత్తయ్యా." రోడ్డని కూడా చూడకుండా కోడలు ఏడ్చేసింది.

వేళ్ళు నునుపు తేలేదాకా గ్లౌజులతోనే తల కడగడం మొగుడి మీద సాధన చేసింది. తర్వాత యజమానురాలు ఆమె చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుర్చీ తుడిపించి ఇచ్చింది.

పనికి వెళ్ళే మొదటి రోజు అత్తగారు గుమ్మం దగ్గర ఆ చేతుల్ని అందుకుంది.

"దురద లేదత్తయ్యా."

"తెలుసులేవే. ఊరికే."

మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే ఆవిడ వేళ్ళు గోరువెచ్చబడ్డాయి. నీళ్ళు. తడిజుట్టు. అలిసిపోయిన ఎవరిదో తల, బరువంతా చేతుల్లో వదిలేసి మెల్లగా తేలికపడుతోంది. ఆవిడ చేట పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది.

పక్కింటావిడ తొంగిచూసింది. "ఏంటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?"

"ష్, మాట్లాడకమ్మా" అంది అత్తగారు. "మా కోడలు పనిలో ఉంది."