సంచిలో పోసిన ఒడిబియ్యం

మల్లీశ్వరి వంటింట్లో చింతపండు పిసుకుతుంటే, ముందుగదిలో ఆదివారం ఎక్కడికి పోవాలన్న పంచాయితీ నడుస్తోంది. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరాలి. భర్త శివశంకర్ మన్ననూర్ అడవి అన్నాడు. ఆడబిడ్డ నందిని కోతులంటే భయమంది. అత్తకు గుడి కావాలి, నందిని పిల్లలకు నీళ్లు కావాలి. మల్లీశ్వరిని ఎవరూ అడగలేదు. అయినా తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి అంది.

"జూరాల డ్యాం పోదాం. చేపలు మస్తుంటయి. గద్వాల జములమ్మ గుడి గూడ దగ్గరనే."

అందరికీ నచ్చింది! ఆ ఇంట్లో ఆమె మాట చెల్లడం అదే మొదలు.

డ్యాం పక్కనే ధరూర్. అక్కడ ఆమె అన్న మద్దిలేటి ఉంటాడు. పెళ్లయిన ఐదో ఏడు పుట్టింటివాళ్లు ఒడిలో పోయాల్సిన బియ్యం ఇంకా పోయనేలేదు. తీసుకుపొమ్మంటే శివశంకర్‌కు తీరిక లేదు. ఒక్కతే పోతానంటే, "మొగుడు లేకుంట ఒడిబియ్యానికి పోతె నలుగురేమంటరు?" అంటాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఆ సాయంత్రమే ఆమె అన్నకు ఫోన్ చేసింది. "రేపు డ్యాంకు వస్తున్నం అన్నా. బియ్యం కలిపిపెట్టు."

తెల్లారి పులిహోర చేసి, పూరీలు వేయించి, డబ్బాలు సర్ది, పట్టుచీర కట్టుకుని వచ్చేసరికి కారు నిండిపోయింది. ఆమె కూర్చోవాల్సిన చోట పులిహోర గిన్నె కూర్చుంది.

"నువ్వు పుట్టిందే ఆడనాయె, కొత్తగ చూసేదేముంది?" అంది అత్త. "జర ఇల్లు చూసుకో."

శివశంకర్ అద్దం పైకెత్తాడు. ఏడుపు కంటే ముందు సిగ్గేసింది మల్లీశ్వరికి, ఆ పట్టుచీర చూసుకుని.

సాయంత్రం నవ్వుకుంటూ దిగారు. నందిని చేపల కవరుతో పాటు ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చింది. లోపల పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ.

"మీ అన్న డ్యాం కాడికే ఉరికొచ్చిండు. ఇంటికి రమ్మని ఒకటే పరేషాన్ చేసిండు," అంది అత్త. "టైమేడుంది? సంచిల పోసి తెచ్చియ్యమన్నం."

"అన్న ఏమన్నడు?"

"ఏమంటడు? చెల్లె రాలేదా అని కారు లోపటికి వంగి వంగి చూసిండు." నందిని పకపకా నవ్వింది.

"అందరికీ ఆకలైతుంది. గవే బియ్యం కడిగి ఎసట్లెయ్యి, చేపల పులుసు పెట్టు," అన్నాడు శివశంకర్.

ఆడపిల్ల ఒడిలో పడాల్సిన బియ్యం, చేపల పులుసులోకి. మల్లీశ్వరి చేపల కవరు అత్త ఒళ్లో పెట్టింది. సంచి మూతి గట్టిగా ముడేసింది.

"పొద్దుగాల్ల బస్సుకు ధరూర్ పోత. అన్నతోని ఇయ్యే బియ్యం ఒళ్లో పోయించుకుంట."

"పిచ్చా? ఇయాలనే పోయొస్తిమి గద! మళ్ల రేపొక దినం ఖరాబా?" అన్నాడు శివశంకర్.

ఆమె పట్టుచీర ఇంకా విప్పలేదు. కొంగు నడుముకు దోపుకుని, మొగుడి ముఖంలోకి చూసింది.

"ఒక్క దినానికని పోతలేను," అంది.